బరువు కోత, బోరు నీళ్ళు

మా పడమటి ప్రకాశంలో లావెక్కడం అనేది మొన్నమొన్నటిదాకా జబ్బు కాదు, హోదా. వాన పడితే పంట, పడకపోతే వలస అన్నట్టుండే నేల మీద ఒక మనిషి ఒళ్ళు చేశాడంటే ఆ ఇంట్లో గాదె నిండిందని అర్థం. పెళ్ళయిన ఆరు నెలలకు అల్లుడికి బొజ్జ వచ్చిందంటే అది అత్తగారి చేతి మహత్యం. అలాంటి చోట, ఇప్పుడు మార్కాపురంలోనో గిద్దలూరులోనో కంభంలోనో నలుగురు చేరిన అరుగు మీద "ఫలానావాళ్ళ కోడలికి పొట్ట తగ్గించే ఆపరేషను చేయించారంట, హైదరాబాదులో" అన్న మాట వినబడుతోంది. ఆ మాట వెనక నవ్వుంటుంది, కాస్త ఈర్ష్య ఉంటుంది, "డబ్బెక్కువై" అన్న విసురూ ఉంటుంది. ఆ ఆపరేషను గురించి తెలుసుకోవాలన్న కుతూహలం మాత్రం ఉండదు. ఈ టపా ఆ లోటు గురించే.

కరువు సీమలో స్థూలకాయమేమిటని మిత్రులు ఆశ్చర్యపోనక్కరలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 శాతం, పురుషులలో 31 శాతం అధిక బరువు ఉన్నవాళ్ళే. దేశపు సగటు చూస్తే స్త్రీలకు 24, పురుషులకు 23. జొన్నలు, సజ్జలు, కొర్రలు తిన్న కడుపులు 1983 తరువాత రెండు రూపాయల బియ్యానికి అలవాటు పడ్డాయి. అది పేదవాడికి అన్నం పెట్టిన పథకం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ పళ్ళెంలో తెల్లన్నం గుట్ట పెరుగుతూ పోయింది, పొలం పని యంత్రాలకు పోయింది, బండి లేనిదే వీధి చివరకు కూడా పోలేని కాలం వచ్చింది. ఒళ్ళు రాక ఏం చేస్తుంది?

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయినప్పుడు మన పత్రికలూ ఛానెళ్ళూ "బరువు తగ్గే ఆపరేషను ప్రాణం తీసింది" అన్న ధోరణిలో మోగించాయి. ఆవిడకు 31 ఏళ్ళు. కొద్ది వారాల ముందు ఆవిడ చేయించుకున్నది లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చే ప్రక్రియ. అది అందం కోసం చేసేది. దానివల్ల మధుమేహం తగ్గదు, ఆకలి తగ్గదు. నేను చెప్పబోయేది బేరియాట్రిక్ శస్త్రచికిత్స, జీర్ణాశయం మీద చేసేది. ఆ రెండింటినీ కలగాపులగం చేసినందువల్ల మన జనంలో రెండు రకాల నష్టం జరిగింది. నిజంగా అవసరమున్నవాళ్ళు "అమ్మో, ఆర్తి అగర్వాల్‌కు ఏమైందో చూశాం కదా" అని వెనక్కు తగ్గారు. అవసరం లేనివాళ్ళు "కొవ్వు తీసేస్తారంట" అనుకొని ముందుకు ఉరికారు. అదే ఏడాది నవంబరులో వచ్చిన 'సైజ్ జీరో' సినిమా సన్నబరిచే దుకాణాల మోసం మీద తీసిందే గానీ, ఈ తేడా చెప్పే పని దానిదీ కాదు.

బేరియాట్రిక్‌లో మన దేశంలో ఎక్కువగా చేసేది స్లీవ్. జీర్ణాశయంలో మూడొంతులకు పైగా నిలువునా కత్తిరించి తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా మిగులుస్తారు. కత్తిరించిన భాగంతో పాటు ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఊరే చోటు కూడా చాలావరకు పోతుంది. రెండోది బైపాస్. అమెరికాలో అయోవాకు చెందిన ఎడ్వర్డ్ మేసన్ 1960ల్లో మొదలుపెట్టిన దారి అది, ఆ తరువాత చాలా మారింది. జీర్ణాశయం పైభాగంలో గుడ్డంత సంచి ఒకటి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగు కింది భాగానికి అతుకుతారు. రెండూ పొట్టకు నాలుగైదు చిన్న చిల్లులు పెట్టి కెమెరాతో చేసేవే. అనుభవమున్న చేతుల్లో ప్రాణాపాయం ఒక శాతం కన్నా బాగా తక్కువ. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి వేలమందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం, శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ళలో మరణాలు తగ్గాయని 2007లో తేల్చింది. కాబట్టి ఇది డబ్బున్నవాళ్ళ సరదా అనేవాళ్ళతో నేను ఏకీభవించను. నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో చేయించుకున్నప్పుడు కూడా మనవాళ్ళు కార్టూన్లు గీసి ఊరుకున్నారు. మధుమేహంతో పోరాడుతున్న మనిషి తీసుకున్న వైద్య నిర్ణయంగా దాన్ని చూసినవాళ్ళు తక్కువ.

ఎవరికి చేయాలన్నదానికి లెక్కలున్నాయి. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ అనే అంకె 37.5 దాటితే, లేదా 32.5 దాటి మధుమేహమో రక్తపోటో నిద్రలో ఊపిరి ఆగే జబ్బో తోడుంటే, ఆలోచించవచ్చునని మన దేశపు వైద్యులు 2009లో అనుకున్నారు. 2022లో అంతర్జాతీయ సంఘాలు ఇంకా దిగివచ్చి, ఆసియావాళ్ళకు 27.5 నుంచే పరిశీలించవచ్చునన్నాయి. 160 సెంటీమీటర్ల మనిషికి 32.5 అంటే 83 కిలోలు. బీమా నియంత్రణ సంస్థ 2019లో పెట్టిన నిబంధన మాత్రం 40, లేదా తీవ్రమైన జబ్బులు తోడుంటే 35. అదే మనిషి 90 కిలోలకు చేరితే గానీ కంపెనీ డబ్బు చెల్లించదన్నమాట. ఏడు కిలోలు పెరిగి రమ్మని రోగికి చెప్పే బీమాను ఏమనాలో నాకు తెలియదు.

ఇక్కడ మా వైపు మాత్రమే తగిలే చిక్కు ఒకటుంది. బీఎంఐ లెక్క ఎత్తు మీద ఆధారపడింది. ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుము వంగిన మనిషి ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గితే అంకె పెరుగుతుంది. పొదిలి, కనిగిరి, మార్కాపురం పక్క ఊళ్ళనుంచి వచ్చిన యాభై ఏళ్ళ మనిషిని గోడకు నిలబెట్టి కొలిచేటప్పుడు, నగరంలోని నర్సు ఆ వంపును లెక్కలోకి తీసుకుంటుందా? మోకాళ్ళు బిగిసిపోయి నడవలేకనే లావెక్కిన మనిషికి "రోజుకు పదివేల అడుగులు వేశారా?" అని అడిగే ప్రశ్న కూడా అలాంటిదే.

నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి అక్కడే కాసేపు ఆగుతాను, ఈ టపాకు మూలం అదే. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా మొదట గుర్తించింది 1937లో, షార్టూ ఆయన సహచరులూ నెల్లూరు జిల్లాలో చేసిన పరిశీలన వల్ల. ఆ జిల్లాలో అప్పుడున్న దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలే 1970లో ఒంగోలు జిల్లాలోకి వచ్చాయి. కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చి కలిశాయి. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. 2025 డిసెంబరు ఆఖరున మార్కాపురమే ఒక జిల్లా అయింది. ఇన్ని పేర్లు మారినా బోరులో నీరు మారలేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చునని మన ప్రమాణం. ఆ గీత దాటిన బోర్లు మా పక్క ఎన్నో. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ పథకం పేరు వింటూ ఒక తరం పెరిగి పెద్దదయింది.

ఈ నీటికీ బరువు తగ్గించే శస్త్రచికిత్సకూ లంకె ఎముకల దగ్గర పడుతుంది. బైపాస్ తరువాత ఆహారంలోని కాల్షియం, విటమిన్ డి పూర్తిగా ఒంటికి పట్టవు. స్లీవ్ తరువాత కూడా తినేదే తగ్గిపోతుంది. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడడానికి పారాథైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేసి, ఎముకల్లోంచి దాన్ని లాగుతుంది. ఫ్లోరోసిస్‌లోనూ సరిగ్గా ఇదే గ్రంథి ఇలాగే రేగుతుంది. కాల్షియం తక్కువ తినేవాళ్ళలో ఫ్లోరైడు దెబ్బ ఎక్కువ. అంటే ఒకే గోడను రెండు వైపులనుంచి తవ్వుతున్నట్టు. పైగా ఎముకల సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష ఫ్లోరోసిస్ ఉన్న వెన్నెముకను మామూలు కన్నా గట్టిదిగా చూపవచ్చు. ఫ్లోరైడు పట్టిన ఎముక చిక్కగా ఉంటుంది, పెళుసుగానూ ఉంటుంది. రిపోర్టులో అంకె చూసి "మీ ఎముకలు భేషుగ్గా ఉన్నాయి" అన్న వైద్యుడు, ఆ రోగి ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగాడో అడగకపోతే ఆ భేషు ఎందుకూ పనికిరాదు.

శస్త్రచికిత్సకు ముందు చేసే తయారీ పెద్ద పట్టికే. రక్తపరీక్షలు, థైరాయిడ్, గుండె, ఊపిరితిత్తులు, కడుపు స్కానింగు, గొట్టం వేసి జీర్ణాశయం లోపల చూడడం, గురక పెట్టేవాళ్ళకు నిద్ర పరీక్ష, మనసు ఎలా ఉందో కనుక్కొనే సలహాదారు. కాలేయంలో చేరిన కొవ్వు తగ్గి సర్జను చేతికి చోటు దొరకాలని రెండు వారాలు బాగా తక్కువ కేలరీల ఆహారం. చుట్ట, బీడీ, సిగరెట్టు వారాల ముందే మానాలి. ఇవన్నీ సబబే, మంచి ఆసుపత్రులు శ్రద్ధగానే చేయిస్తాయి. ఆ పట్టికలో "మీ ఇంటికి ఏ నీళ్ళు వస్తాయి?" అన్న ప్రశ్న నాకెక్కడా కనబడలేదు. మా పక్కనుంచి వెళ్ళే ప్రతి మనిషికీ ఆ ప్రశ్న వేయాలి, మూత్రంలో ఫ్లోరైడు పరీక్ష, పారాథైరాయిడ్ హార్మోను పరీక్ష చేయించాలి, అవి చూశాకే స్లీవా బైపాసా అన్నది తేల్చాలి అని నా అభిప్రాయం.

ఆపరేషను అయ్యాక ఇంటికి వచ్చిన మనిషి మొదటి రెండు వారాలు ద్రవాలే తాగాలి. గుక్కగుక్కగా రోజంతా కలిపి లీటరున్నర. మనవాళ్ళు తాగడానికి ప్లాంటు నీళ్ళ క్యాను తెచ్చుకుంటారు, సంతోషం. వంటకు మాత్రం బోరు నీళ్ళే. రాగి జావ, పెసరకట్టు, చారు అన్నీ ఆ నీళ్ళతోనే కాస్తారు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై అది ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. ద్రవాలే ఆహారమైన రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు. అందుకని కోలుకుంటున్న మనిషి ఉన్న ఇంట్లో వంటకు కూడా శుద్ధి చేసిన నీళ్ళే వాడాలి. ప్లాంటులో ఫ్లోరైడుతో బాటు కాల్షియమూ పోతుంది కాబట్టి బిళ్ళలు తప్పవు. రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, అదీ సిట్రేటు రూపంలో అయితే మేలు. మామూలుగా దొరికే కార్బొనేటు అరగడానికి జీర్ణాశయంలో ఆమ్లం కావాలి, ఆ ఆమ్లమే ఇప్పుడు తక్కువ. ఇనుము బిళ్ళకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

"రాగుల్లో బోలెడు కాల్షియం కదా, జావ తాగితే సరిపోదా?" అంటారు పెద్దవాళ్ళు. రాగులు మంచివే. నూరు గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాములుంటుంది. కానీ గ్లాసుడు జావకు పడేది పాతిక గ్రాముల పిండి, అంటే తొంభై లోపు. మిగతా వెయ్యీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

నేను చూసిన ఆహార పట్టిక ఒకటి (ఏ ఊరి ఆసుపత్రిదో చెప్పను) ఇంగ్లీషులో ఉంది. అందులో బ్రోకలీ సూపు ఉంది, గ్రీకు పెరుగు ఉంది, టోఫు ఉంది. గిద్దలూరు సంతలో బ్రోకలీ ఎవరమ్ముతారో ఆ పట్టిక రాసినవారికే తెలియాలి. ఆ ఇంటివాళ్ళు అందులో దొరికేవి వెతికి వెతికి, చివరకు దొరికిన ఒకే ఒక్క మాట 'జ్యూస్' పట్టుకొని బత్తాయి రసంలో చక్కెర కలిపి ఇచ్చారు. బైపాస్ చేయించుకున్నవాళ్ళకు చక్కెర నీళ్ళు ఒక్కసారిగా పేగులోకి దిగితే గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనాలు వస్తాయి. డంపింగ్ అంటారు దాన్ని. చూసినవాళ్ళు దిష్టి తగిలిందనుకున్నా ఆశ్చర్యం లేదు.

నిజానికి పథ్యం అన్న విద్య మనకు కొత్తది కాదు. బాలింతకు ఏ రోజున ఏం పెట్టాలో, జ్వరం తగ్గిన మనిషికి ముందు ఏం పట్టాలో మన అమ్మమ్మలకు తెలుసు. ఈ శస్త్రచికిత్స తరువాతి వరుస కూడా అలాంటిదే. మొదట మజ్జిగ తేట, పప్పు మీది కట్టు, ఉప్పు వేసిన పలచని జావ. మూడో వారంనుంచి మెత్తగా మెదిపిన పప్పు, గడ్డపెరుగు, పూర్తిగా ఉడికించి చిదిమిన గుడ్డు. అయిదో వారానికి ఇడ్లీ ముక్క, మెత్తగా ఉడికిన కూర, ముళ్ళు తీసిన చేప. రెండు నెలలకు గానీ మామూలు తిండి లేదు. జొన్నరొట్టె, సజ్జరొట్టె ఆ తరువాతే, గోరంత ముక్క చొప్పున, పిండయ్యేదాకా నమిలి. సంకటి సంగతి మరీ జాగ్రత్త. మనకు సంకటి ముద్దను నమలకుండా మింగే అలవాటు, ఆ గొట్టంలో అది ఇరుక్కుంటుంది. కట్టుతోనే రోజులు గడిపితే కూడా కుదరదు. పైతేటలో మాంసకృత్తులు అంతంత మాత్రం, రోజుకు అరవై గ్రాములైనా పడకపోతే కొవ్వుతో బాటు కండ కూడా కరుగుతుంది. కాబట్టి పప్పు గింజ, గుడ్డు, పాలపొడి, పెరుగు, వైద్యులు చెబితే ప్రోటీను పొడి. అన్నం మధ్యలో నీళ్ళు తాగకూడదు, తిన్న అరగంటదాకా తాగకూడదు. ముద్దముద్దకూ గుక్కెడు నీళ్ళు తాగి, ఆఖర్న మజ్జిగన్నం జుర్రుకొనే మా వాళ్ళకు ఇదే అన్నిటికన్నా పెద్ద శిక్ష. ఇదంతా ఒక పేజీలో తెలుగులో రాయడం ఆసుపత్రులకు అంత కష్టమా?

ఇంకొక మాట. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు మాకు వార్త కాదు. ఆపరేషనైన మొదటి నెలలో మళ్ళీ ఆసుపత్రిలో చేరేవాళ్ళలో చాలామంది చేరేది ఒంట్లో నీరు తగ్గిపోయే. గుక్కగుక్కగా తప్ప తాగలేని మనిషిని రోహిణి కార్తెలో మార్కాపురం తీసుకొచ్చి రేకుల కప్పు కింద పడుకోబెడితే ఏమవుతుంది? పిల్లల సెలవులు కలిసివస్తాయని వేసవిలోనే పెట్టుకుంటారు మనవాళ్ళు. కార్తీకంలోనో మార్గశిరంలోనో పెట్టుకోండి, ఆవకాయ కాలం కూడా దాటిపోయి ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా నన్ను భయపెట్టే విషయం, గ్లూకోజు సీసా. మా ఊళ్ళలో నీరసం అనగానే ఆర్‌ఎంపీ గారు సీసా ఎక్కిస్తారు. ఆయన్ను నేను చిన్నచూపు చూడడం లేదు. రాత్రి పన్నెండింటికి తలుపు తడితే లేచి వచ్చేది ఆయనొక్కడే. అయితే పొట్ట ఆపరేషను చేయించుకున్న మనిషి రెండు మూడు వారాలుగా వాంతులు చేసుకుంటున్నాడంటే ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బి1 నిల్వలు అడుగంటి ఉంటాయి. ఆ స్థితిలో ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే, దాన్ని వాడుకోవడానికి మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బ తింటుంది. చూపు రెండుగా కనబడడం, కళ్ళు అదరడం, తాగినవాడిలా తూలడం, మాట తడబడడం, మనుషులను పోల్చుకోలేకపోవడం. వెర్నికే జబ్బు అంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి మళ్ళీ రాకుండా పోవచ్చు. తప్పించడానికి కావలసింది సీసాకు ముందు ఒక థయమిన్ సూది, దాని ఖరీదు ఏమంత కాదు. ఆ సంగతి చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు. ఆ మనిషి పొట్టకు ఆపరేషనైందన్న సంగతే ఆయనకు తెలియకుండా ఇంటివాళ్ళు దాచారు.

ఈ దాచడం గురించి చెప్పాలి. "హెర్నియా ఆపరేషను" అని చెప్పుకుంటారు, "గాల్ బ్లాడరులో రాయి" అని చెప్పుకుంటారు. అమ్మాయికి పెళ్ళి కావలసి ఉంటే మరీను. నాలుగు నెలలకు పాతిక కిలోలు తగ్గి, జుట్టు గుప్పెళ్ళుగా ఊడుతుంటే (అది ఆరేడు నెలలకు మళ్ళీ మొలుస్తుంది, భయపడనక్కరలేదు) వీధిలో "క్షయేమో, ఇంకేదో పెద్ద జబ్బేమో" అని గుసగుసలు మొదలవుతాయి. నిజం చెబితే ఎగతాళి, చెప్పకపోతే అనుమానం. పెళ్ళయిన అమ్మాయికి ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దని వైద్యులు చెబుతారు. అత్తగారు నెలనెలా "ఏమైనా విశేషమా?" అని అడుగుతూ ఉంటారు, చెప్పలేక ఆ పిల్ల నలిగిపోతుంది. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళ సంగతి సరేసరి. రెండు చెంచాలతో కడుపు నిండిపోయిన మనిషి ఆకులో "మా చేతి వంట నచ్చలేదా?" అంటూ మళ్ళీ వడ్డిస్తారు. మొహమాటానికి ఒక ముద్ద ఎక్కువ తిన్నా ఆ మనిషి పెరట్లోకి పరుగెత్తవలసిందే. లావుగా ఉన్నన్నాళ్ళూ "తగ్గవచ్చు కదా" అన్న నోళ్ళే, తగ్గాక "ఎంత కళగా ఉండేదానివి!" అంటాయి.

దాచినందువల్ల జరిగే నష్టంలో ఇంకొకటి నొప్పి మాత్రలు. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్ళలో డైక్లోఫినాక్ మాత్రలూ సూదులూ శనగగుగ్గిళ్ళలా చెల్లుతాయి. బైపాస్ అయిన మనిషికి అవి అతుకు దగ్గర పుండు పుట్టిస్తాయి, రక్తం కారవచ్చు, చిల్లు పడవచ్చు. పారాసిటమాలుతో సర్దుకోవలసిందే. బతుకంతా కీళ్ళ నొప్పులతో వేగవలసిన మనిషికి, ఇక ఆ మాత్రలు వాడకూడదు సుమా అని ఆపరేషనుకు ముందే చెప్పి ఒప్పించాలి. ఒప్పుకోలేనివాళ్ళకు బైపాస్ చేయకపోవడమే ధర్మం. అలాగే మధుమేహం మందులు. ఆపరేషనైన కొద్ది రోజులకే చక్కెర పడిపోతుంది, పాత మోతాదునే మింగుతూ ఉంటే కళ్ళు తిరిగి పడతారు. రక్తపోటు మందులకూ అదే వరస.

దూరం కూడా ఆలోచించవలసిందే. కత్తిరించి కుట్టిన గీత మొదటి వారాల్లో ఎక్కడైనా కారితే, మొదట కనబడేది ఆయాసం, నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి. ఊళ్ళో దాన్ని 'గ్యాసు' అంటారు, ఒక బిళ్ళ ఇస్తారు. మార్కాపురంనుంచి ఒంగోలుకు దాదాపు వంద కిలోమీటర్లు, గుంటూరు అంతకన్నా దూరం. గిద్దలూరువాళ్ళకు నల్లమల కనుమ దాటి నంద్యాల. మార్కాపురంలో కడుతున్న ప్రభుత్వ వైద్యకళాశాలను ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది, మొదటి నాలుగింటిలో అదొకటి. దాని మీద జరిగిన రాజకీయ రగడలో నేను దిగను. ఎవరు నడిపినా సరే, రాత్రిపూట కడుపు స్కానింగు తీసి చదవగల మనిషి అక్కడ ఉండాలి. అప్పటిదాకా, ఆపరేషనైన మొదటి మూడు వారాలు చేసిన ఊళ్ళోనే ఎవరి ఇంట్లోనైనా ఉండి రావడం మేలు. అద్దె ఖర్చు అంటారా? అన్ని లక్షల బిల్లులో అదెంత?

ఇక ఇదంతా ఎందుకు, సూదిమందులు వచ్చాయి కదా అంటారు కొందరు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. బాగానే పనిచేస్తున్నాయి. మానేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుంది, కొనసాగిస్తే నెలనెలా ఖర్చు. కొంతమందికి అవే చాలు, ఆపరేషను అవసరం లేదు. కానీ ఆ మందు వాడేవాళ్ళు కూడా తినేది తగ్గిపోతుంది, వాంతులు అవుతాయి, కాల్షియం, మాంసకృత్తులు చాలవు. నీళ్ళ సమస్య వాళ్ళకూ ఉంటుంది.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. డిశ్చార్జి కాగితాలతో బాటు తెలుగులో ఒక చీటీ ఇవ్వాలి, ఊళ్ళోని వైద్యుడికి చూపించమని. ఈ మనిషికి జీర్ణాశయం మీద ఆపరేషనైంది, ఫలానా రకం, ఫలానా తేదీ. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కించవద్దు. డైక్లోఫినాక్ ఇవ్వవద్దు. నాడి 120 దాటితే గ్యాసు బిళ్ళ ఇవ్వకుండా ఈ నంబరుకు ఫోను చేయండి. వంటకు బోరు నీళ్ళు వాడవద్దు. బి12, డి, ఇనుము, కాల్షియం బతికినన్నాళ్ళూ మానవద్దు, ఏడాదికొకసారి రక్తపరీక్ష. అంతే, అరచేతి వెడల్పు కాగితం చాలు. ఆ చీటీని ఇంటివాళ్ళు బీరువాలో దాచకుండా ఆర్‌ఎంపీ గారి చేతికి ఇవ్వాలి, అది ఆసుపత్రివాళ్ళ వల్ల అయ్యే పని కాదు.

చదివేవాళ్ళలో వైద్యులుంటే ఆ చీటీలో నేను వదిలేసినవి ఉంటే చెప్పండి. పలనాడు, నల్గొండ ఫ్లోరైడు ఊళ్ళనుంచి ఈ ఆపరేషనుకు వెళ్ళి వచ్చినవాళ్ళెవరైనా మీకు తెలిస్తే, పేరు అక్కరలేదు, వాళ్ళకు ఎవరైనా ముందుగా నీళ్ళ సంగతి అడిగారేమో మాత్రం కనుక్కొని రాయండి.